క్రిప్టోకరెన్సీ వర్తకంలో నష్ట నియంత్రణ

క్రిప్టోకరెన్సీ వర్తకంలో నష్ట నియంత్రణ అనగా బిట్‌కాయిన్, ఈథర్ వంటి డిజిటల్ ఆస్తుల క్రయవిక్రయాలలో ఒక్కొక్క లావాదేవీలో ఎంత సొమ్ము పోవచ్చునో ముందుగానే నిర్ణయించుకొని, ఆ హద్దుకు కట్టుబడి ఉండే పద్ధతి. భారీ నష్టం తరువాత మిగిలిన మూలధనాన్ని కాపాడుకొంటూ కోలుకొనడం కూడా ఇందులో భాగమే. లాభాలు ఆర్జించే మెళకువలకున్న ఆకర్షణ దీనికి లేదు. అయినా వర్తకుడు రంగంలో నిలుస్తాడా లేదా అనేది ఎక్కువగా దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

నష్టం లెక్క

నష్టమూ, దానిని పూడ్చే లాభమూ శాతాలలో సమానం కావు. లక్ష రూపాయలలో 10 శాతం పోతే, మిగిలిన 90 వేలపై 11 శాతానికి కొంచెం పైగా లాభం వచ్చినపుడు అసలు తిరిగి చేరుతుంది. 50 శాతం పోతే 100 శాతం, 80 శాతం పోతే 400 శాతం లాభం రావాలి. క్రిప్టో విపణిలో 80 శాతం పతనం అరుదేమీ కాదు. 2017 డిసెంబరులో 20 వేల డాలర్లకు చేరువైన బిట్‌కాయిన్ ధర ఏడాదిలో సుమారు 3,200 డాలర్లకు పడిపోయింది. పాత శిఖరాన్ని దాటడానికి 2020 డిసెంబరు వరకు పట్టింది.

ధర కోలుకొన్నంత మాత్రాన వర్తకులందరూ కోలుకొన్నట్లు కాదు. సొంత సొమ్ముకు పది రెట్ల విలువైన కొనుగోలును అప్పుపై (లీవరేజి) చేసినవారి ఖాతాను, ధర 10 శాతం తగ్గేలోపే ఎక్స్ఛేంజి మూసివేస్తుంది. తరువాత ధర పెరిగినా వారికి ప్రయోజనం లేదు. అన్ని నాణేలూ తిరిగి లేవవు కూడా. 2022 మే ఆరంభంలో 80 డాలర్ల ప్రాంతంలో ఉన్న లూనా కొద్ది రోజులలోనే ఒక సెంటు కంటే దిగువకు పడి, మరల ఆ ధరను చూడలేదు.

హద్దులు

ఒక లావాదేవీలో మొత్తం మూలధనంలో 1 లేక 2 శాతానికి మించి పోగొట్టుకొనరాదనేది వర్తకులలో ప్రచారంలో ఉన్న సూత్రం. వరుసగా పది సార్లు 2 శాతం చొప్పున నష్టపోయినా దాదాపు 82 శాతం సొమ్ము మిగులుతుంది. ప్రతిసారీ 10 శాతం ఒడ్డితే మిగిలేది 35 శాతమే. నిర్ణీత ధరకు దిగగానే అమ్మివేయమని ముందే ఇచ్చే ఆదేశాన్ని స్టాప్ లాస్ అంటారు. ధర వేగంగా కూలినపుడు అనుకొన్న ధరకంటే తక్కువకే అమ్ముడుపోవచ్చు గనుక దీనిని సంపూర్ణ రక్షణగా భావించరాదు. ఎక్స్ఛేంజియే దెబ్బతిన్నపుడు ఈ హద్దులేవీ పనిచేయవు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసినపుడు ఖాతాదారుల సొమ్ము చిక్కుకుపోయింది. 2024 జూలైలో భారతీయ ఎక్స్ఛేంజి వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు చోరీ అయ్యాయి.

నష్టానంతర ప్రవర్తన

లాభంలో ఉన్నవాటిని తొందరగా అమ్మి, నష్టంలో ఉన్నవాటిని పట్టుకొని కూర్చునే మానవ స్వభావాన్ని హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ 1985లో వివరించారు. దీనికి తోడు, పోయినదంతా ఒక్క దెబ్బతో రాబట్టాలని పందెం రెట్టింపు చేయడం మరింత ప్రమాదకరం. పోగొట్టుకొన్న చోటే వెతుక్కోవాలన్న నానుడి ఈ వ్యాపారానికి ఏమాత్రం వర్తించదు. అనుభవజ్ఞులు సాధారణంగా కొంతకాలం వర్తకం ఆపి, లావాదేవీల పుస్తకం తిరగవేసి, తప్పు పద్ధతిలో ఉన్నదో, పద్ధతి పాటించకపోవడంలో ఉన్నదో తేల్చుకొంటారు. తిరిగి మొదలుపెట్టినపుడు పాత మొత్తాన్ని కాక, మిగిలిన సొమ్మునే మూలధనంగా లెక్కిస్తారు. అప్పు చేసి తెచ్చిన సొమ్మును ఇందులో పెట్టరు.

భారతదేశంలో పన్ను

2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉంటాయి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొక నాణెంలోని లాభం నుండి మినహాయించే వీలు లేదు, తరువాతి సంవత్సరానికి జమ చేసుకొనే వీలూ లేదు. ఉదాహరణకు ఒకే ఏడాదిలో బిట్‌కాయిన్‌లో 50 వేలు పోగొట్టుకొని ఈథర్‌లో 50 వేలు సంపాదించిన వ్యక్తికి మిగిలింది సున్నా అయినా, సెస్సు కాక 15 వేల రూపాయల పన్ను కట్టవలసి ఉంటుంది. అందువలన పై లెక్కలలో చెప్పిన శాతాలకంటే ఇంకా ఎక్కువ లాభం వస్తేగాని ఇక్కడి వర్తకుని అసలు పూడదు. 2022 జూలై 1 నుండి నిర్ణీత పరిమితి దాటిన అమ్మకాల విలువపై 1 శాతం మూలంలోనే కోత (టీడీఎస్) కూడా మొదలైంది. నష్టానికి అమ్మినా ఈ కోత తప్పదు. తరచుగా కొని అమ్మేవారి మూలధనంలో కొంత భాగం రిటర్ను దాఖలు చేసి వాపసు పొందేవరకు ఇలా నిలిచిపోతుంది.