చరవాణి - శల్యసారథ్యం



చరవాణి మొదట మనిషి చేతిలో పుట్టి, ఆ తరువాత వాహనమెక్కిందని చాలామంది భావన. చరిత్ర తిరగవేస్తే సంగతి తలక్రిందులుగా కనిపిస్తుంది. 1946 జూన్ 17న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో బెల్ సంస్థ, కారులోనుండి మాట్లాడే టెలిఫోనును చందాదారులకు అందించింది. ఆ యంత్రం బరువు సుమారు 36 కిలోలు. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. నడుమ ఆపరేటరు కలపాలి. ఆపైన 27 సంవత్సరాలకు, 1973 ఏప్రిల్ 3న, మోటరోలా ఉద్యోగి మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలిచి తొలి చేతిఫోను సంభాషణ జరిపాడు. ఆ మోటరోలా అన్న పేరు సైతం 1930లో కారు రేడియోకు పెట్టినదే! మన దేశానికి ఈ సాధనం 1995 జూలై 31న వచ్చింది. నాడు కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడారు.

రెండేళ్లు తిరగకుండానే హెచ్చరిక వెలువడింది. కెనడాలోని టొరంటోలో రెడెల్మయర్ అనే వైద్యుడు, టిబ్షిరాని అనే గణాంకవేత్త, ప్రమాదాలకు లోనైన 699 మంది ఫోనుగల చోదకుల కాల్ వివరాలను పరిశీలించారు. ఫోను సంభాషణ జరిగే వేళ ప్రమాదావకాశం సుమారు నాలుగు రెట్లని 1997లో ప్రకటించారు. చేతితో పట్టుకోనక్కరలేని ఫోనువల్ల అదనపు రక్షణ ఏదీ వారికి కనబడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జరిగిన పరిశోధనా ఇదే మాట చెప్పింది.

చట్టం మాత్రం చేతినే పట్టుకొంది. 2001లో న్యూయార్కు రాష్ట్రం, 2003 డిసెంబరు 1న బ్రిటను నిషేధించినది చేతఫోను పట్టి నడపడాన్నే. మన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను 2019 సవరణలో చేతి ఫోను వాడకాన్ని ప్రమాదకర చోదనంగా పేర్కొని, తొలి తప్పుకు వెయ్యి నుండి ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునన్నది. మంచిదే. కాని చెవిలో తీగ దోపుకున్నవాడు "నా రెండు చేతులూ హ్యాండిలు మీదనే ఉన్నాయి కదా" అని నిశ్చింతగా ఉంటున్నాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. మనసు మూడు సెకన్లు మాటలో చిక్కుకుంటే, కన్ను తెరిచి ఉండగానే యాభై మీటర్ల దారి చూడకుండా గడిచిపోతుంది.

కర్ణపర్వం పాఠం చెప్పినప్పుడల్లా నేను పిల్లలను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: "శల్యుడు కర్ణుని విల్లు లాగుకొన్నాడా? కవచం చీల్చాడా?" లేదు. పక్కన కూర్చొని మాట్లాడాడు, అంతే. వీరుని చేయి చెక్కుచెదరలేదు, చిత్తం చెదిరింది. అందుకే మన భాషలో శల్యసారథ్యం ఒక నానుడిగా నిలిచిపోయింది.

భారతంలో సారథి మాటలు రథికుని మనసు కలచాయి. నేడు వరుస మారింది. ఎక్కడో ఇంట్లో కూర్చున్నవారి మాటలు సారథి మనసును కలచుతున్నాయి. పక్క సీటులోని మనిషి ఎదురుగా లారీ రాగానే తానే నోరు మూస్తాడు. ఫోనులోని మనిషికి ఆ లారీ కనబడదు. "భోజనానికి వస్తున్నావా?" అన్న ప్రేమపూర్వకమైన పలకరింపు కూడా ఆ క్షణాన శల్యవాక్యమే.

కనుక ఈ పాపంలో చోదకునిది సగమైతే, పిలిచినవారిది మిగిలిన సగమని నా అభిప్రాయం. మన పిల్లలకు, అల్లుళ్లకు, కోడళ్లకు ఫోను చేసినప్పుడు మొదటి మాట "బండి మీద ఉన్నావా?" అని అడుగుదాం. ఔనంటే రెండవ మాట లేకుండా పెట్టేద్దాం. చట్టం చేరలేని చోటికి ఈ చిన్న మర్యాద చేరగలదు.

విజ్ఞులైన మిత్రులు తమ అభిప్రాయం తెలుపగలరు.