దాచుట అను విద్య

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు నుండి నాగపూరు పోవు రాజమార్గమున ఉత్తరముగా సాగినచో బాల్కొండ వచ్చును. ఆ ప్రాంతమున ఎటు చూచినను పసుపు చేలు. వాని నడుమ అక్కడక్కడ, ఎవరో ఒకదానిపై నొకటి పేర్చి పెట్టినట్లుండు రాతిగుండ్ల గుట్టలు. ఆర్మూరులోని నవనాథ సిద్ధుల గుట్ట ఇట్టి రాళ్ల అమరికకే పేరుపొందినది. బాల్కొండలో పాత కోటయు కలదు. కోట యున్నచోట లంకెబిందెల కథ ఉండితీరును. “ఆ గుండు క్రింద ఏడు తరములు తిన్నను తరుగని ధనమున్నదట” అను మాట తెలుగునాట ఏ కోట నీడన నిలిచినను చెవిని పడును.

ఆ ధనమున్నదో లేదో తేల్చుట మన పని కాదు. కాని ఆ మాట వెనుక ఒక చరిత్ర కలదు. బ్యాంకులు లేని కాలమున, దండు ఏ దిక్కునుండి వచ్చి పడునో తెలియని కాలమున, మన పూర్వులు తమ ధనధాన్యములను నేలకు అప్పగించి, పైన ఏమియు జరుగనట్లు కనబడజేయు విద్యను నేర్చిరి. ఆ విద్యను గూర్చియు, నేడు దానినే ఆటగా మార్చుకొన్న వారిని గూర్చియు కొంత ముచ్చటింతము.

మన ఇండ్లలో అందరికిని తెలిసిన దాపు పాతర. మెరకగా నుండి, గట్టి మొరము పడిన నేలను ఎంచుకొని, మూతి ఇరుకుగను కడుపు వెడల్పుగను కాగువలె గొయ్యి త్రవ్వుదురు. లోపల మంటవేసి తడి ఆర్చుదురు. చుట్టును గడ్డి పరచి, జొన్నలు నింపి, మూతిపై మరల గడ్డియు బండయు పెట్టి మట్టితో మెత్తుదురు. లోపలి గింజలు తామే ఊపిరి పీల్చి గాలిలోని ప్రాణవాయువును తగ్గించివేయును. పురుగు బ్రతుకజాలదు. అందుచేతనే పాతర తెరచిన వెంటనే ఎవరును దిగరాదు. ముందుగా దీపమును త్రాటితో దింపి చూతురు. దీపము ఆరినచో మనిషి ప్రాణమును ఆరునని అర్థము.

పాతర మూతి ఇరుకుగా నుండుటలో రెండు ప్రయోజనములు కలవు. గాలి చొరదు, దొంగ కన్నును చొరదు. పైన నేలను చదును చేసి, దానిమీద గడ్డివామి వేసినను, పశువులను కట్టినను, క్రింద ధాన్యమున్నదని ఎవరికిని తోచదు. ఈ యుక్తి మన ఒక్కరిదే కాదు. క్రీ.శ. 98లో రోము దేశపు చరిత్రకారుడు టాసిటస్ జర్మను జాతులను గూర్చి వ్రాయుచు, వారు నేలలో గుహలు త్రవ్వి పంటను దాచి పైన పేడ కుప్పలు పోయుదురనియు, శత్రువు వచ్చినప్పుడు కంటికి కనబడినదానిని మాత్రమే దోచుకొని పోవుననియు చెప్పెను. దాచినదానిని వెదకవలసి యుండుటయే దానికి రక్షయని ఆయన గ్రహించెను.

అయితే నేలను నమ్మించుట అంత సులభము కాదు. ఒకమారు త్రవ్వి పూడ్చిన మట్టికి రంగు మారును. తొలకరి వాన పడగానే అది క్రుంగును. ఆ చోట మొలచిన గడ్డి చుట్టుపట్ల గడ్డికంటె పచ్చగా పెరుగును. వేల యేండ్లు గడచినను నేల ఈ లెక్కను మరువదు. 1925లో ఇంగ్లండులో ఇన్‌సాల్ అను విమానచోదకుడు పైనుండి పొలములో పైరు రంగు తేడాను గమనింపగా, చరిత్రకు పూర్వపు కొయ్యకంబముల గుంటలు వలయములుగా బయటపడినవి. ఆ చోటికి వుడ్‌హెంజ్ అని పేరు. కనుక దాచుటలో కష్టమైనది త్రవ్వుట కాదు, త్రవ్విన జాడను చెరుపుట.

పసుపు పండించు బాల్కొండ వారికి ఇట్టి పాతర మరియొక దారిని కూడ పరిచయమే. ఈ జిల్లా రైతులలో పలువురు మంచి ధర కొరకు తమ కాడియు గోళయు బండ్ల కెక్కించి మహారాష్ట్రములోని సాంగ్లీ అంగడికి కొనిపోవుట కలదు. ఆ సాంగ్లీ చెంతనే, కృష్ణయు వారణయు కలియు చోట, హరిపూరు అను ఊరున్నది. అక్కడి గట్టి నేలలో త్రవ్విన గోతులను “పేవు” లందురు. ఉడికించి ఎండించిన పసుపును వానిలో పోసి మూతి మెత్తిపెట్టినచో యేండ్ల తరబడి పురుగు పట్టక నిలుచును. పైన నడచువానికి తన కాలిక్రింద పసుపు రాశులున్నవని తెలియదు. 2005లో కృష్ణ పొంగి నీరు ఆ గోతులలోనికి దిగగా పసుపు పాడై, వర్తకులు మిక్కిలి నష్టపోయిరి. మనుష్యుల కన్నును మరపించిన గొయ్యి ఏటి కన్నును మరపింపలేకపోయినది.

ధాన్యము సంగతి ఇట్లుండ, ధనమును దాచుటలో రాజులు మరింత జాగ్రత్త వహించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఒక విధి కలదు. ఆపదలలో అక్కరకు వచ్చుటకై రాజు తన జనపదపు సరిహద్దున ధ్రువనిధిని ఏర్పరుపవలెను; దానిని మరణశిక్ష పడినవారిచేత నిర్మింపజేయవలెను. కారణమును ఊహించుట కష్టము కాదు. చోటు తెలిసిన నోరు మిగులరాదు! రాతికి రంగు వేయుటకంటెను, మట్టి చదును చేయుటకంటెను క్రూరమైన దాపు ఇది. అదే గ్రంథములో, దొరకిన నిధిని రాజునకు తెలిపినవానికి ఆరవ పాలు ఈయవలెననియు, అతడు కూలివాడైనచో పండ్రెండవ పాలు మాత్రమే ఈయవలెననియు ఉన్నది.

మన తెలుగు శాసనములను చూడుడు. బ్రాహ్మణునకో దేవునకో భూమి దానమిచ్చునప్పుడు అష్టభోగములతో ఇచ్చితిమని చెక్కించెడివారు. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షిణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అనునవి ఆ ఎనిమిది. ఇందు మొదటి రెండును నేలలో దాగియున్న ధనమునకు సంబంధించినవే. ఏ పొలము క్రింద ఎవరు ఏమి దాచిరో తెలియదు గనుక, ముందుగానే హక్కు చెప్పివేసిరి.

ఇట్టి దాపులలో కొన్ని నాగలికో గునపమునకో తగిలి బయటపడినవి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తుల కాలపు రోమను వెండి నాణెములు 1,500కు పైగా ఒక్కచోట దొరకినవి. కరీంనగరము వైపు పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహన నాణెములు వేలకొలది లభించినవి. వస్తుప్రదర్శనశాలలో ఆ నాణెములను చూచి మనము సంతోషింతుము. కాని ఒక్క క్షణము ఆలోచింపుడు. అక్కెనపల్లిలో వెండిని దాచినవాడు తిరిగి వచ్చి తీసికొనియున్నచో అది మనకు దొరకియుండునా? దొరకిన ప్రతి నిధియు తిరిగిరాని యొక యజమానికి సాక్ష్యము. యుద్ధమో, రోగమో, దూరప్రయాణమో అతనిని కొనిపోయినది. చోటు తెలిసిన మనసు ఆరిపోయినది. అతడు దాచు విద్యలో గెలిచెను, అందుచేతనే ఓడిపోయెను.

1878లో బ్రిటిషు ఇండియాలో చేసిన నిధుల చట్టము ఈ తిరిగిరాని యజమానిని మరువలేదు. పది రూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. అది నూరేండ్లలోపల దాచినదని తోచినచో దాచినవానికిగాని వాని వారసులకుగాని తమ హక్కును నిరూపించుకొనుటకు అవకాశమీయవలెను. ఎవరును రానప్పుడు, ఒడంబడిక వేరుగా లేనిచో, కనుగొన్నవానికి నాలుగింట మూడు పాళ్లును, నేల యజమానికి ఒక పాలును చెల్లును.

ఇక మన కాలమునకు వత్తము. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూరు బయళ్లలో జేమ్సు పెరట్ అను మార్గదర్శి ఒక సీసాను పెట్టి, అంత దూరము నడచి వచ్చినవారు తమ పేరు చీటీలను అందులో వేయునట్లు చేసెను. దాచుట వినోదమైన తొలి సందర్భములలో ఇది యొకటి. 2000 మే 2వ తేదీన అమెరికా ప్రభుత్వము ఉపగ్రహ సంకేతములపై తాను ఉంచిన అడ్డును తొలగించగా, చోటు తెలుపు జి.పి.ఎస్. యంత్రములు ఒక్కసారిగా పదిరెట్లు నిక్కచ్చియైనవి. మరునాడే డేవ్ ఉల్మర్ అను నాతడు ఆరెగాన్ రాష్ట్రములో ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటించెను. అదియే జియోకేషింగ్ అను ఆటకు నాంది. పెట్టెను వెదకి కనుగొన్నవారు అందులోని పుస్తకములో పేరు వ్రాసి, మరల ఉన్నచోటనే ఉంచవలెను.

ఈ ఆటగాండ్రు పెట్టెను మరుగుపరచు తీరులో పాత విద్య అంతయు మరల కనబడును. 1896లో అమెరికా చిత్రకారుడు థేయరు జంతువుల వన్నెలను పరిశీలించి, వెలుగు పడు వీపు ముదురుగను, నీడ పడు పొట్ట లేతగను ఉండుటచే జంతువు పరిసరములలో కలిసిపోవునని చూపెను. 1915లో ఫ్రెంచి సైన్యము చిత్రకారులను చేర్చుకొని, ఫిరంగులను మరుగుపరచుటకు ప్రత్యేక దళమును నెలకొల్పెను. వారు నేర్పినది ఇది: కన్ను రంగుకంటె ముందు తిన్నని అంచును, మెరుపును, నీడను పట్టుకొనును. కనుక బాల్కొండ గుండ్ల నడుమ పెట్టెను ఉంచదలచినవాడు దానికి ఆకుపచ్చ రంగు వేసినచో పొరబడినట్లే. వేసవిలో టేకు ఆకు రాల్చును, గడ్డి ఎండును; ఆ పచ్చదనము ఆమడ దూరము పిలుచును. మెరుపు లేని బూడిద వన్నె వేసి, పైన అక్కడి ఇసుకనే అద్ది, అంచులు గరుకుచేసి, గుండు నీడ పడు సందున ఉంచినచో ఏడాది పొడవునను రాయిగానే ఉండును. ఈ ఆటలో నేలను త్రవ్వి పూడ్చుట నిషిద్ధము. చెట్టుకు మేకు కొట్టరాదు.

ఇక్కడనే రెండు దారులు విడిపోవుచున్నవి. గుప్తనిధుల పేరిట అర్ధరాత్రి పాడుబడిన గుడులను త్రవ్వి, విగ్రహములను పెకలించి, కోటగోడలను కూల్చువారిని గూర్చి పత్రికలలో నేటికిని చదువుచున్నాము. వారికి దొరకునది సాధారణముగా మట్టియే. కాని ఆ మట్టిలోని పొరల వరుస ఒకమారు చెదరినచో, ఆ చోట ఎవరు ఎప్పుడు బ్రతికిరో చెప్పగల సాక్ష్యము శాశ్వతముగా నశించును. నాణెమునకు వెల కట్టవచ్చును. అది పడియున్న పొరకు కట్టజాలము.

ఆటగాడు పెట్టెను దాచి చోటును పదిమందికి చెప్పును. కౌటిల్యుని రాజు చోటు తెలిసినవారిని మిగులనీయడు. మన రైతు ఈ రెండింటికిని నడుమ నిలిచెను: పాతర ఊరివారి కన్నుగప్పి ఉండును, ఇంటివారికి తెలిసియుండును. పెద్దవాడు కన్నుమూయకముందే కొడుకునకు చోటు చూపును. తెరచునాడు దీపము దింపి చూడుమని మరీ చెప్పును. మీ ఇంటను పాత పాతర గాని, దాని జాడ గాని ఉన్నచో, దానిని పూడ్చివేయుటకు ముందు పిల్లలను పిలిచి ఆ మూతిని ఒకమారు చూపుడు.