గ్రామీణ పాఠశాలల్లో యుద్ధస్మారక నామఫలకాలు: ఆస్ట్రేలియా అనుభవం

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) పాల్గొన్న పూర్వ విద్యార్థుల పేర్లతో ఆస్ట్రేలియా గ్రామీణ పాఠశాలల్లో నెలకొల్పిన గౌరవ నామఫలకాలు ఆ దేశ స్థానిక చరిత్రకు విలువైన ఆధారాలు. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో సైతం వీటిని ఏర్పాటు చేయడం విశేషం.

నేపథ్యం

నాడు 50 లక్షలకు లోపు జనాభా కలిగిన ఆస్ట్రేలియాలో 4,16,809 మంది సైన్యంలో చేరారు. వారిలో 60 వేలకు పైగా ప్రాణాలు కోల్పోయారు. విదేశీ యుద్ధరంగాలకు నిర్బంధంగా పంపే ప్రతిపాదనను 1916, 1917 సంవత్సరాల ప్రజాభిప్రాయ సేకరణల్లో ప్రజలు తిరస్కరించారు. కావున అక్కడికి వెళ్లినవారు స్వచ్ఛందంగా వెళ్లినవారే. అందువల్లనే మరణించినవారితో పాటు తిరిగివచ్చినవారి పేర్లను కూడా అనేక ఫలకాలపై చేర్చారు.

ఫలక స్వరూపం

సాధారణంగా ఇవి చెక్కఫలకాలు. పేర్లను బంగారు రంగు అక్షరాలతో వ్రాసి, మరణించినవారి పేరు పక్కన శిలువ వంటి గుర్తు ఉంచేవారు. యుద్ధం ముగియకముందే ఆవిష్కరించిన ఫలకాలపై తదుపరి మరిన్ని పేర్లు చేర్చవలసి వచ్చేది. మృతదేహాలను స్వదేశానికి తరలించరాదన్నది నాటి బ్రిటిష్ సామ్రాజ్య విధానం. సముద్రాల ఆవల ఉన్న సమాధిని చూడలేని తల్లిదండ్రులకు, బిడ్డ చదువుకున్న బడిలోని పేరే ఆనవాలుగా మిగిలింది.

పాఠశాల మూతపడినప్పుడు

విద్యార్థుల సంఖ్య తగ్గడం, బస్సు సౌకర్యం పెరగడం వల్ల తదనంతర కాలంలో అనేక చిన్న పాఠశాలలు పెద్ద పాఠశాలల్లో విలీనమయ్యాయి. వాటి ఫలకాలు కొన్ని గ్రామ సమావేశ మందిరాలకు, కొన్ని పొరుగు పాఠశాలలకు చేరగా, మరికొన్ని జాడ లేకుండా పోయాయి. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో యుద్ధస్మారకాల రిజిస్టరు ఇటువంటి ఫలకాల చిరునామా, ఛాయాచిత్రాలు, పేర్లను నమోదు చేసి ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంచుతున్నది.

మన దేశంలో

అదే యుద్ధం అనంతరం మద్రాసు ప్రెసిడెన్సీతో సహా భారతదేశంలోని పలు గ్రామాల్లో శిలాఫలకాలు ప్రతిష్ఠించారు. ఆ గ్రామం నుండి ఎందరు వెళ్లారో, ఎందరు మరణించారో తెలిపే సంఖ్యలే వాటిపై ఎక్కువగా కనిపిస్తాయి. సంఖ్యను బట్టి వారసులు తమవారిని గుర్తించలేరు. కావున పేర్లున్న ఫలకం ఏ పాఠశాలలో ఉన్నా, భవనాన్ని తొలగించే ముందు ఆ పేర్లకు నకలు తీసి, ఛాయాచిత్రాలతో భద్రపరచి, ఫలకం ఎక్కడికి చేరిందో రికార్డులో నమోదు చేయడం అవసరం.