ఓరుగల్లు సీమలోని పల్లెబాటలు: నడకయు, నక్షయు

ఓరుగల్లు చరిత్రమును వ్రాసినవారు కోటలను, గుడులను, చెరువులను విశేషముగ వర్ణించిరి. వాని నడుమ జనులు నడచిన బాటలను గూర్చి వ్రాసినది స్వల్పము. పల్లెలో బాట యెవ్వరి సొత్తు? అది యే యాధారముచే నిలుచును? ఈ రెండు ప్రశ్నలను మేమిచ్చట పరిశీలింపదలచితిమి.

గణపతిదేవుడు ప్రారంభింపగా రుద్రమదేవి పూర్తిచేసిన రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు వాకిళ్లు కలవు. నడుమనున్న స్వయంభూ దేవాలయ ప్రాంగణమునందలి నాలుగు తోరణములును ఆ దిక్కులనే చూచుచుండును. రాజధానిలో బాట రాజాజ్ఞచే నేర్పడినది. పల్లెలో నట్లుగాదు. దానశాసనములు పొలమునకు ఎల్లలు చెప్పునపుడు గుట్టను, చెరువును, చెట్టును పేర్కొన్నట్లే తెరువును గూడ పేర్కొనుట పరిపాటి. ఎల్లగా నిలుపదగినది అందరెరిగినదియు, కదలనిదియు కావలెను. అనగా ఆనాటివారు తెరువును గుట్టవలె స్థిరమైన వస్తువుగ నెంచిరన్నమాట.

ఆ స్థిరత్వము నడకవలన వచ్చినది. నేడు ములుగు జిల్లాలో చేరిన మేడారమున రెండేండ్లకొకసారి మాఘమాసమున జాతర జరుగును. చిలుకలగుట్టనుండి సమ్మక్కను, కన్నెపల్లినుండి సారలమ్మను గద్దెలకు తెచ్చెదరు. ఈ దారులను నిలిపినది ముఖ్యముగ జనుల పాదములే.

నిజాము రాజ్యమున నడకకు చట్టము తోడైనది. 1317 ఫసలీ, అనగా 1907-08 నాటి భూమిశిస్తు చట్టము 24వ విభాగమున బహిరంగ మార్గములును, సందులును, బాటలును ప్రభుత్వపు సొత్తని విధించెను. గ్రామ నక్షలలో బండ్లబాటలు గీతలుగ నెక్కినవి. కాని భూమి లెక్కలన్నియు పట్టాదారుని చుట్టును తిరుగునట్టివి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలు 2020 నాటి ధరణి, 2025 నాటి భూభారతి వరకు ప్రధానముగ విచారించునది ఏ నంబరు ఎవరిది, ఎంత విస్తీర్ణము అనునదియే. బాటకు పట్టాదారు లేడు; కావున దాని పక్షమున అడుగువాడును లేడు.

ఫలితము పొలముననే కనబడును. ఏటేట ఒక్కొక్క చాలు లోనికి జరిగిన గట్టు కొన్నాళ్లకు బండ్లబాటను కాలిబాటగ మార్చును. లోపలి చేనివాడు వరికోత యంత్రమును తెచ్చుకొనుటకు ముందరి చేనివాని కోత ముగియువరకు ఆగవలసివచ్చును. ఆలోగా వాన కురిసినచో నష్టము వానిదే. మేకలు తోలుకొనిపోవువానికిని, కూలికి పోవు స్త్రీలకును చుట్టుదారియే గతి. 2000లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఆవాసములను పెద్దదారులతో కలుపుటకు ఉద్దేశింపబడినది. చేనిబాట దాని లక్ష్యము కాదు.

ఇంగ్లండు, వేల్సు దేశములలో 1949 నాటి చట్టము కాలిబాటలను విచారించి అధికారిక పటములకెక్కించు పనిని స్థానిక ప్రభుత్వములకు ఒప్పగించెను. పటమునకెక్కిన బాట బహిరంగ మార్గమనుటకు ఆ పటమే తిరుగులేని సాక్ష్యము. మనకును నక్షలున్నవి, చట్టముండెను. కొరవడినది ఆ రెంటిని నేలపై సరిచూచుట. ఊరిపెద్దలు, సర్వేయరు, గ్రామసభ కలిసి పాతనక్షను చేతబట్టి ప్రతి బాటను నడచి, హద్దురాళ్లు పాతి, జాబితాను పంచాయతీలో ఉంచవలెను.

ఇందు పరిశోధకులకును పని కలదు. నడచినవారు గతించినపిమ్మట బాట పేరును చెప్పువారుండరు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క గ్రామపు బాటల పేర్లను, అవి పోవు చోట్లను వృద్ధులనుండి సేకరించి నక్షతో పోల్చినచో, అది భాషాచరిత్రకు సామగ్రియగును. బాటలేని రైతునకు సాక్ష్యమును నగును.