రంగుటద్దాల మీద కుంచె పని

హైదరాబాద్ నుంచి మెదక్ వెళ్లే రోడ్డు గుమ్మడిదల మీదుగా పోతుంది. బొంతపల్లి మందుల కంపెనీలు, గుమ్మడిదల, నర్సాపూర్ అడవి దాటితే మెదక్. క్రిస్మస్‌కి ఈ దారి పట్టినవాళ్లలో చాలామంది వెళ్లేది మెదక్ చర్చికే. అక్కడ అందరూ తలెత్తి చూసేది 175 అడుగుల గంట గోపురాన్ని. లోపలి కిటికీ అద్దాల్లో మాత్రం వెంట్రుకవాసి గీతలతో చేసిన పని ఉంది.

ఇలాంటి సన్నని గీతలతో క్రీస్తు, మరియమ్మల చిత్రాలు మన దేశంలో ఒకప్పుడు రాజుల ఆస్థానంలో తయారయ్యాయి. 1580లో గోవా నుంచి ఫతేపూర్ సిక్రీకి వెళ్లిన జెస్యూట్ పాదిరీలు అక్బరుకు బొమ్మలున్న బైబిలును, మరియమ్మ చిత్రపటాన్ని కానుకగా ఇచ్చారు. ఆస్థాన చిత్రకారులు కేశవదాస్, బసావన్, మనోహర్ అటువంటి ఐరోపా బొమ్మలు చూసి తమ పద్ధతిలో క్రైస్తవ చిత్రాలు వేశారు. ఉడుత వెంట్రుకల కుంచెతో గీసి, నునుపురాయితో రుద్ది రంగుకు మెరుపు తెచ్చేవారు. అటువంటి సూక్ష్మచిత్రాన్ని చేతిలో పట్టుకుని దగ్గరగా చూడాలి. ఆ భాగ్యం పాదుషాకు, ఆయన చుట్టూ ఉన్న కొద్దిమందికి మాత్రమే దక్కింది.

మెదక్‌లో లెక్క మారింది. వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఇక్కడ కట్టించిన చర్చి పని 1914లో మొదలైంది, ప్రతిష్ఠ 1924 డిసెంబర్ 25న జరిగింది. పని చేసిన కూలీల్లో కరువుకు చితికినవాళ్లే ఎక్కువ. వాళ్లకు పనికి బదులు తిండి పెట్టారు. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు.

కిటికీల రూపకర్త ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆయనా మెథడిస్టే. 1874లో ఇంగ్లండులో పుట్టి, పదిహేనేళ్లకే అన్న నడిపే రంగుటద్దాల కార్ఖానాలో పనికి కుదిరాడు. ఆ తర్వాత రాజులకు, అమెరికా అధ్యక్షులకు, చర్చిల్‌కు ముఖచిత్రాలు వేసి పేరు తెచ్చుకున్నాడు. మెదక్‌లో వేదిక వెనుక క్రీస్తు ఆరోహణం 1927 నాటిది. పడమట జననం 1947లో, తూర్పున సిలువ 1958లో వచ్చాయి.

రంగురంగుల గాజు ముక్కలను సీసపు పట్టీలతో అతికిస్తే బట్టలు, ఆకాశం, నేల వస్తాయి. ముఖం రాదు. లేత గాజు మీద కళ్లు, పెదవులు, చెంపల నీడలు చేత్తో గీయాల్సిందే. లోహపు భస్మం, మెత్తటి గాజుపొడి, జిగురు కలిపి నూరిన రంగు అది. గీసి ఆరాక, వెలుగు కావలసిన చోట పుల్లతో గీకి తీస్తారు. తర్వాత కొలిమిలో కాలిస్తే గాజుపొడి కరిగి గీత అద్దంలో కలిసిపోతుంది. ఇక నీళ్లకు పోదు, తుడిస్తే పోదు. లోహపు పలక మీద ఎనామెల్ రంగులతో చిట్టి ముఖచిత్రాలు వేసే ఐరోపా కళాకారుల విద్య కూడా ఈ కొలిమిదే.

రాత్రి లోపల ఎన్ని దీపాలు పెట్టినా ఈ బొమ్మలు పలకవు. బయటి వెలుగు గాజులోంచి లోపలికి వస్తేనే రంగు తెలుస్తుంది. పొద్దున వెళ్తే తూర్పున సిలువ, సాయంత్రం పడమట జననం బాగా కనిపిస్తాయి. ఉత్తరాన ఉన్న ఆరోహణానికి రోజంతా దాదాపు ఒకటే వెలుగు.

ఒకనాడు ఆస్థానంలో కొందరికే అందిన ఆ నాజూకు పని ఇక్కడ జనం సొత్తయింది. చదువు రాకపోయినా, కూలికి వచ్చినా, ఏ మతమైనా, పగటిపూట లోపలికి అడుగుపెట్టినవాడికల్లా అక్బరుకు దొరికినంత భాగ్యం దొరుకుతుంది. మెదక్ చర్చి గొప్పతనం గోపురం ఎత్తుతో పాటు ఈ పంపకంలోనూ ఉంది.