కలకత్తా విజ్ఞాన సంఘం బహిరంగోపన్యాసాలు: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

విజ్ఞానశాస్త్ర విషయాలను సామాన్య శ్రోతలకు వివరించే బహిరంగోపన్యాసాల చరిత్రలో 1876 జులై 29న కలకత్తాలో ఏర్పడిన 'ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్'ది ప్రముఖ స్థానం. సి.వి. రామన్ పరిశోధనలకు నిలయంగానే ఈ సంస్థ నేడు ఎక్కువమందికి పరిచితం. అయితే తొలి మూడు దశాబ్దాలలో దాని ప్రధాన కార్యక్రమం ఉపన్యాసాలే. ఆ దశను రామన్ యుగానికి పీఠికగా నాలుగు మాటల్లో చెప్పి ముగించడం పరిపాటి. ఆ ఉపన్యాస వేదిక ఏ అవసరం నుంచి పుట్టింది, ఏమి సాధించింది, ఎక్కడ ఆగిపోయింది అనే అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. స్థాపకుని ఆశయం:

సంస్థాపకుడు డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ (1833-1904) వైద్యుడు. కలకత్తా వైద్య కళాశాలలో 1863లో ఎం.డి. పట్టం పొందాడు. 1867లో హోమియోపతిని బహిరంగంగా సమర్థించి తోటి వైద్యుల ఆగ్రహానికి గురయ్యాడు. మరుసటి ఏడాది 'కలకత్తా జర్నల్ ఆఫ్ మెడిసిన్' అనే పత్రికను ప్రారంభించాడు. భారతీయులు విజ్ఞానశాస్త్రాలను సాధన చేయడానికి ఒక జాతీయ సంస్థ అవసరమని 1869లో ఆ పత్రికలోనే ప్రతిపాదించాడు.

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్, బ్రిటిష్ అసోసియేషన్ ఆయనకు నమూనాలు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఒకవైపు పరిశోధన చేస్తూనే మరొకవైపు పౌరులకు, బాలబాలికలకు ప్రయోగపూర్వకంగా ఉపన్యసించేవాడు. పరిశోధన, ప్రబోధం ఒకే కప్పు కింద సాగడం సర్కార్‌ను ఆకర్షించింది. అయితే తన సంస్థ భారతీయుల యాజమాన్యంలోనే నడవాలని ఆయన పట్టుబట్టాడు.

ఈ ప్రతిపాదనకు పోటీగా మరొక వాదం తలెత్తింది. దేశానికి కావలసింది పరిశ్రమలకు పనికివచ్చే సాంకేతిక విద్య అని ఇండియన్ లీగ్ పక్షం వాదించింది. శాస్త్రమూలాలు తెలియకుండా నేర్చిన పనితనం పరాధీనంగానే మిగులుతుందన్నది సర్కార్ వర్గం ఆలోచనకు సారం. విజ్ఞానం ఎవరికోసం, ఏ ప్రయోజనం కోసం అనే ప్రశ్న ఈ విధంగా సంస్థ పుట్టుకతోనే ముడిపడింది.

3. ఉపన్యాస వేదిక స్వరూపం:

ఈ కృషిలో సర్కార్‌కు కుడిభుజంగా నిలిచినవాడు సెయింట్ జేవియర్ కళాశాల భౌతికశాస్త్ర ఆచార్యుడు, బెల్జియం దేశస్థుడైన జెసూట్ గురువు యూజీన్ లాఫాంట్. జగదీశ్ చంద్ర బోస్‌కు కళాశాలలో గురువు ఈయనే. సర్కార్, లాఫాంట్ భౌతికశాస్త్రం మీద ఉపన్యసించగా, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం వంటి విషయాలను ఇతరులు చేపట్టారు. జగదీశ్ చంద్ర బోస్, అశుతోష్ ముఖర్జీ వంటి యువ విద్వాంసులు కూడా ఈ వేదిక ఎక్కారు.

ఈ ఉపన్యాసాలకు ప్రాణం ప్రయోగ ప్రదర్శన. కాంతి వక్రీభవనాన్నో విద్యుత్తు ప్రవాహాన్నో శ్రోతలు కళ్లారా చూడాలంటే పట్టకాలు, కటకాలు, విద్యుద్ఘటాలు, వాటిని అమర్చే బల్లలు, సరిచేసే సహాయకులు కావాలి. మాటకు గొంతు చాలు. ప్రదర్శనకు పరికరం కావాలి. అందువల్ల శ్రోతలకోసం సమకూర్చిన సామగ్రి క్రమంగా సంస్థకు స్థిరాస్తి అయింది. 1880లలో ఉపన్యాస మందిరం వెలిసింది. 1890ల ఆరంభంలో విజయనగరం మహారాజా విరాళంతో ప్రయోగశాల ఏర్పడి 'విజయనగరం లేబొరేటరీ' అనే పేరు పొందింది. కలకత్తా విజ్ఞాన చరిత్రలో ఈ విధంగా ఒక తెలుగు సంస్థానం పేరు నిలిచింది.

4. పరిమితులు:

సర్కార్ ఆశించిన ఫలితం మాత్రం ఆయన జీవితకాలంలో చేకూరలేదు. వేతనంపై పూర్తికాలం పనిచేసే ఆచార్య పదవులను నెలకొల్పడానికి తగిన మూలధనం సమకూరలేదు. వక్తలు స్వచ్ఛందంగా, తమ వృత్తుల నడుమ తీరిక చేసుకొని వచ్చేవారు. తీరికవేళల్లో ఉపన్యాసం సాధ్యమే కాని, శిష్యులను తీర్చిదిద్దే పరిశోధక సంప్రదాయం నెలకొనడం కష్టం. చివరి సంవత్సరాల వార్షిక సభలలో దేశీయుల ఉదాసీనతను తలచుకొని సర్కార్ ఆవేదన చెందాడు. 1904లో కన్నుమూశాడు.

రెండవ పరిమితి భాష. ఉపన్యాసాలు ప్రధానంగా ఇంగ్లీషులో సాగడంతో శ్రోతృవర్గం ఆ విద్య పొందిన నగరవాసులకే పరిమితమైంది. 'జాతీయ' సంస్థ అనే పేరుకు, శ్రోతల వాస్తవ సంఖ్యకు మధ్య అంతరం ఇక్కడే ఏర్పడింది. ఉదాసీనత అని సర్కార్ బాధపడిన దానిలో కొంత భాగం భాషాపరమైన దూరమే అని భావించవచ్చు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని దీనితో పోల్చి చూడాలి. అది ఎంచుకున్న సాధనం గ్రంథం, భాష తెలుగు. ప్రయోగశాల దాని వద్ద లేదు. ఇంగ్లీషు రాని పాఠకుడిని చేరే మార్గం మాత్రం ఉంది. కలకత్తాలో పరికరం ఉండి దేశభాష కొరవడగా, ఇక్కడ దేశభాష ఉండి పరికరం కొరవడింది.

5. వేదిక నుంచి పరిశోధనకు:

1907లో ఆర్థికశాఖ ఉద్యోగిగా కలకత్తా చేరిన రామన్, బౌబజారు వీధిలోని ఈ సంస్థను ఆశ్రయించాడు. ఆయన బాల్యం, పాఠశాల విద్య విశాఖపట్నంలో గడిచాయి. కార్యాలయానికి వెళ్లే ముందు, తిరిగి వచ్చిన తరువాత ప్రయోగాలు చేసేవాడు. నాటికి ఆయనకు దక్కినవి కట్టడం, పరికరాలు, సర్కార్ తదనంతరం కార్యదర్శిగా ఉన్న అమృతలాల్ సర్కార్ ప్రోత్సాహం. ఇవన్నీ ఉపన్యాస దశ మిగిల్చిన ఆస్తులే. 1928 ఫిబ్రవరి 28న వెల్లడైన కాంతి పరిక్షేపణ ఫలితానికి 1930లో నోబెల్ బహుమతి లభించింది. ఆ ఆవిష్కరణను రామన్ సవివరంగా వినిపించిన సందర్భం కూడా ఒక ఉపన్యాసమే: 1928 మార్చి 16న బెంగళూరులో దక్షిణ భారత విజ్ఞాన సంఘం సభలో ఆయన చేసిన ప్రసంగం.

6. ముగింపు:

సర్కార్ ఉపన్యాసాలను హాజరైన శ్రోతల సంఖ్యతోనే తూచితే వైఫల్యం కనిపిస్తుంది. రామన్ విజయంతోనే తూచితే వాటికి లేని దూరదృష్టిని ఆపాదించినట్లవుతుంది. రామన్ వస్తాడని సర్కార్ ఎరుగడు. ఆయన పనిచేసింది వినడానికి వచ్చే పౌరులకోసం. ఆ పౌరులకు చూపడానికి కూర్చిన పరికరాలు తరువాతి తరం పరిశోధకుడికి పనిముట్లయ్యాయి. విజ్ఞాన ప్రచారం పరిశోధన ముగిసిన తరువాత జరిగే పంపకం అనే భావనను ఈ చరిత్ర సవరిస్తుంది. ఇక్కడ ప్రచారమే పరిశోధనకు ముందు వచ్చి చోటు కల్పించింది. పౌరుల భాషలో మాట్లాడే వేదిక, వారి కళ్లెదుట ప్రయోగం చేసే బల్ల ఒకేచోట కలవడం మాత్రం నాడు సాధ్యపడలేదు. ఆరోగ్యం, పర్యావరణం వంటి విషయాలపై నేడు ప్రసంగ కార్యక్రమాలు రూపొందించేవారికి ఆ అసంపూర్ణత ప్రధానంగా గమనింపదగినది.