రంగూన్ మిల్లులు, మనవాళ్ల పనితనం

వలసతోపాటు టెక్నాలజీ కూడా దేశాలు దాటుతుందని ఆర్థికవేత్తలంటారు. ఎవరి వలసతో అని మేం అడుగుతున్నాం.

1869లో సూయెజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. రంగూన్లో ఆవిరి మిల్లులు పెరిగాయి. వాటి బాయిలర్లకి వరి ఊకే ఇంధనం. ఆ మిల్లుల్లో, రేవులో చాకిరీ చేసినవాళ్లలో విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కిన కూలీలెందరో. కోరంగి రేవు పేరుమీద అక్కడ వాళ్లని 'కోరంగీలు' అన్నారు. వాళ్లలో మాల మాదిగలు చాలామంది. మేస్త్రీ ముందు అడ్వాన్సిచ్చేవాడు, తర్వాత కూలిలో కోసుకునేవాడు.

మర నడిచే తీరు దగ్గర్నుంచి చూసినవాళ్లు ఊళ్లకి తిరిగొచ్చారు. అయితే మిల్లు పెట్టాలంటే పని తెలిస్తే చాలదు. స్థలం కావాలి, పెట్టుబడి కావాలి, నమ్మి అప్పిచ్చేవాడు కావాలి. వాడలో ఈ మూడూ లేవు. అప్పుతో వెళ్లినవాడికి అప్పు తీర్చి రావడమే గగనం. 1942లో జపాన్ దాడికి వేలమంది కట్టుబట్టలతో, కాలినడకన బర్మా విడిచారు.

పనితనం వలసతో వస్తుంది. అది ఊళ్లో నిలబడాలంటే భూమి, పెట్టుబడి ఉండాలి. ఆ రెంటినీ కులం పట్టుకు కూర్చుంది. రంగూన్ వెళ్లొచ్చిన కుటుంబాల జ్ఞాపకాలు సేకరించకుండా యంత్రాల చరిత్ర రాస్తే అది మిల్లు ఓనర్ల చరిత్రే అవుతుంది.